ఉప్పు చూడని కూర

పాలకొల్లు,
8 జూలై 2024.

అక్కా,

భారం మోసి అలసినవాళ్ళని దగ్గరికి పిలిచిన ప్రభువు నీ కాలి కట్టు మీద కూడా చెయ్యి పెట్టాలని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను. నువ్వు బాత్రూములో జారిపడ్డ సంగతి జయపాల్ చెప్పాడు. తవుడు లారీ రోడ్డు మీద ఆపి, గుమ్మంలోకి వచ్చి, నీ ఆవకాయ సీసా నా చేతిలో పెట్టి, "పెద్దమ్మకి కాలు ఇరిగిందండి మావయ్యా, వానాకాలమంతా మంచమేనండి" అన్నాడు. మన ఇంటి ఆడవాళ్ళలో ఒకరు మంచం పడితే చాలదని దేవుడు ఇంకో మంచం వేశాడు కాబోలు.

ఫోను చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. నేను అరిస్తే పాలకొల్లంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే కాగితం. జయపాల్ లారీ ఎలాగూ మండపేట మిల్లుల నుంచి ఇటు తిరుగుతూనే ఉంటుంది. పోస్టు కన్నా వాడే నయం.

నీ మరదలు దీవెన సంగతి. రొమ్ము ఆపరేషన్ పుండు మానింది. ఆ తర్వాత మొదలుపెట్టిన ఇంజక్షన్లు మాత్రం మనిషిని లోపలి నుంచి తోడేస్తున్నాయి. జుట్టు పోయింది, నోరు పూసింది. రాజమండ్రి డాక్టరుగారు మొన్న బరువు చూసి మొహం చిట్లించారు. "కోడిమాంసం, గుడ్డు బాగా పెట్టండి. ఏదీ పచ్చిగా ఉండకూడదు, బాగా ఉడకాలి. ఒంట్లో బలం లేకపోతే వచ్చే నెల ఇంజక్షన్ ఇవ్వలేమండి. ఇవ్వకపోతే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది" అన్నారు. ఇంటికొచ్చి ఏం తింటావు దీవెనా అని అడిగాను. గోడవైపు తిరిగి పడుకుని ఒక్క మాట అంది: "లెగ్ పీసు."

అక్కా, నేను కొబ్బరి డిపోలో కాయలు వలిచేవాణ్ణి. రాత్రిళ్ళు వాక్యం చెప్పేవాణ్ణి. ఏ ఊళ్ళో కూటం పెట్టినా బోధకుడి విస్తట్లో కోడికాలు వేస్తారు, మోషే ధర్మశాస్త్రంలో యాజకుడికి కుడి తొడ చెందినట్టే. తినడం వచ్చు. పొయ్యి వెలిగించడం ఈ జబ్బు వచ్చాకే నేర్చుకున్నాను, అదీ గంజికి.

నిన్న రెండు కాళ్ళు తెచ్చాను. పస్కా పండుగ మాంసాన్ని నీళ్ళలో ఉడకబెట్టొద్దు, నిప్పు మీదే కాల్చమని దేవుడే చెప్పాడు కదా, ఇంక వేరే పుస్తకం ఎందుకనుకున్నాను. ఉప్పూ కారం పట్టించి, గ్యాసు మంట మీద చువ్వకి గుచ్చి కాల్చాను. ఇల్లంతా పొగ. పైన బొగ్గు, లోపల పచ్చి నెత్తురు. దీవెన పైపైన ఒక పొర తీసి నాలుక మీద పెట్టుకుని, "బాగానే ఉందండీ. ఉప్పే కొంచెం ఎక్కువైంది" అని పళ్ళెం పక్కకి జరిపింది. తిట్టినా బాగుండేది.

కన్వెన్షన్ కూటాలకి గుండిగలతో వండినదానివి నువ్వు. ఈ కోడికాలు ఎలా వండాలో రాసి పంపు.

నిద్ర చాలని నీ తమ్ముడు,
యెహెజ్కేలు


మండపేట,
11 జూలై.

ఒరేయ్ యెహెజ్కేలూ,

నీ ఉత్తరం చదువుతుంటే కట్టులో ఉన్న కాలు కూడా నవ్వింది, తర్వాత కళ్ళనీళ్ళొచ్చాయి. దేవుడు కాల్చమన్నది గొర్రెపిల్లని రా. గ్యాసుపొయ్యి మీద కోడికాలుని కాదు. నీకు వాక్యం వచ్చుగానీ వంట రాదు. రెండూ ఒకటి కాదు.

ఇక్కడ నా గోల వేరే. కట్టు లోపల దురద. కోడలు సుప్రియ అల్లికసూది ఇచ్చింది, దాంతో గోక్కుంటున్నాను. మిల్లుల ఊక దుమ్ము కిటికీలోంచి వచ్చి మంచం మీద పడుతోంది. పడుకునే తుడుస్తున్నాను. ఈ కాలే బాగుంటే ఈపాటికి మీ ఇంట్లో ఉండేదాన్ని.

చెప్తా విను. కాళ్ళు కడిగి, పసుపు, అల్లం వెల్లుల్లి, నేను పంపే మసాలాపొడి పట్టించు. ఉల్లిపాయలు వేయించి, కాళ్ళు వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, కుక్కర్ మూత పెట్టు. ఏడెనిమిది కూతలు రానివ్వు. ఇదివరకు పెళ్ళిళ్ళలో ఎంత ముదురు కోడైనా నా చేతిలో దూదయ్యేది. ఉప్పు మాత్రం చూసుకుని వెయ్యి. మసాలాపొడి హార్లిక్స్ సీసాలో ఉంది, జయపాల్ దగ్గర తీసుకో.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల కోడి కాళ్ళు రెండూ నీ కంచంలోకే తోసింది. చచ్చేంత నీరసంలో నోరు తెరిచి అడిగిందంటే ఎంత ఆశ పడి ఉంటుందో చూడు. ఇదైనా సరిగ్గా చేసి పెట్టు.

దీవెన నుదుటి మీద నా బదులు చెయ్యి వెయ్యి.

మంచం మీద నుంచి,
అక్క సూరమ్మ


పాలకొల్లు,
16 జూలై.

అక్కకి,

కోపం తెచ్చుకోకంటూనే పొడిచావు. సరే. పొడవాల్సిన వయసు నీది, పడాల్సిన వయసు నాది.

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. కూతలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. కుక్కర్ చల్లారాక మూత తీస్తే ఏముంది? ఎముకలు ఒక పక్క, మాంసం పీచుపీచుగా ఒక పక్క, మధ్యలో పసుపు నీళ్ళు. దేవుడు నా పేరుగల ప్రవక్తని ఎండిన ఎముకల లోయలో నిలబెట్టి, ఇవి బతుకుతాయా అని అడిగాడట. నన్ను వంటగదిలో నిలబెట్టి అడిగాడు. నీకే తెలియాలి ప్రభువా అన్నాను. ఆ ప్రవక్త మాట్లాడితే ఎముక ఎముకకీ అతుక్కుంది. నేను మాట్లాడితే గరిటెకి కూడా ఏమీ అతుక్కోలేదు.

ఆ పీచుని గంజిలో కలిపి పట్టుకెళ్ళాను. దీవెన చెంచాడు మింగి, "ఇది లెగ్ పీసు కాదు కదండీ" అంది. తర్వాత నా మొహం చూసి, "చప్పగా ఉన్నా బాగుందిలెండి" అంది. ఒకసారి ఉప్పెక్కువ, ఒకసారి చప్పన. సమ్సోను బలం వెంట్రుకల్లో ఉన్నట్టు నా కూర బలమంతా ఉప్పులో ఉన్నట్టుంది.

పొద్దున డిపోలో కాయలు వలుస్తుంటే నేలలో పాతిన గునపం మీద చెయ్యి జారింది. పెద్ద దెబ్బేం కాదు. ఎందుకో ఈ మధ్య కళ్ళు తిరుగుతున్నాయి. శుక్రవారం కూటంలో ఎప్పుడూ గంటసేపు నిప్పులు కురిపించేవాణ్ణి, ఈసారి పావుగంటకే గొంతు ఎండి కూర్చున్నాను. "బోధకుడుగారు ఇవాళ తొందరగా వదిలేశారండి, వంట ఉందేమో" అని ఎవరో అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను.

దేవుడు నీ ఎముకలనైనా సరిగా అతికించాలని,
యెహెజ్కేలు


మండపేట,
19 జూలై.

తమ్ముడూ,

నీ ఉత్తరం సుప్రియకి చదివి వినిపించాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, నా చెవి దగ్గర అరిచింది: "అత్తయ్యా, మీరు చెప్పింది నాటుకోడికండి! ఫారం కోడికి అన్ని కూతలేంటండి, అది నాలుగు పొంగులకే ఉడికిపోద్ది!" నిజమే. మా రోజుల్లో ఫారం కోడి ఎక్కడిది? తప్పు నాది. నీ ప్రవక్త పేరు మీద పెట్టకు.

ఈసారి జాగ్రత్తగా చదువు.

కాళ్ళు నరికించకుండా నిండుగానే తీసుకో, తోలు తీయించు. ఉప్పూ పసుపూ రాసి కడుగు. చాకుతో ఒక్కో కాలికీ ఎముక తగిలేదాకా రెండు మూడు గాట్లు పెట్టు. గాటు లేకపోతే లోపలికి వేడీ వెళ్ళదు, ఉప్పూ వెళ్ళదు. పెరుగు, ఉప్పు, అల్లం వెల్లుల్లి, మిరియాలపొడి కలిపి గాట్లలోకి వేలితో పట్టించు. దీవెన నోరు పూసింది కదా, కారం చిటికెడే. పట్టించాక నీ ప్రార్థన అయ్యేదాకా పక్కన పెట్టు. చిన్న ప్రార్థన కాదు, పెద్దదే చెయ్యి.

దాకలో ఉల్లిపాయ ఎర్రగా వేగాక కాళ్ళు పక్కపక్కనే పరువు. అటూ ఇటూ రంగు మారాక మూత పెట్టి మంట బాగా తగ్గించు. నీళ్ళు పొయ్యకు, దాని నీళ్ళు అదే వదులుతుంది. ఊరికే మూత తీసి చూడకు. మధ్యలో ఒకసారి తిప్పు, అంతే. మాంసం పైకి జారి కింద ఎముక మొన తేలిందంటే అయినట్టే. దించేముందు ఉప్పు చూడు.

నా తప్పుకి జరిమానాగా మా దొడ్లో నాటుకోడిపెట్టని కాళ్ళు కట్టి జయపాల్ లారీ ఎక్కిస్తున్నాను. అది కోయించు. దానికైతే నా ఏడెనిమిది కూతలూ సరిపోతాయి.

కళ్ళు తిరగడమేంటి నీకు? తింటున్నావా?

అక్క


పాలకొల్లు,
25 జూలై.

అక్కా,

మూడోసారీ ఓడిపోయిన మనిషి రాస్తున్నాడు, ఓపికగా చదువు.

ముందు కోడిపెట్ట సంగతి. లారీలో తవుడు బస్తాల మీద రాణీగారిలా కూర్చుని దిగింది. జయపాల్ కాళ్ళు విప్పగానే నేరుగా దీవెన మంచం కిందికి దూరింది. దీవెన ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వింది. "దీన్ని కోయకండి. వదినగారు పంపిన మనిషి కదా" అంది. కోడి మనిషెలా అవుతుందని వాక్యం చూపించబోయాను, వినలేదు. మర్నాడు పొద్దున కొబ్బరిపీచు గంపలో గుడ్డు పెట్టింది. దీవెన సగం గుడ్డు తింది. కాబట్టి కోడి బతికిపోయింది.

ఇక కాళ్ళు. నువ్వు చెప్పినట్టే గాట్లు పెట్టాను. పెద్ద ప్రార్థనే చేశాను. మంట తగ్గించి, మూత తీయకుండా, పొయ్యి ముందు పీట వేసుకుని కాపలా కూర్చున్నాను. ఎముక మొన తేలింది. వాసన బాగుంది. దించి, ఒక కాలు విడదీసి చూస్తే ఎముక పక్కన ఎర్రగా నెత్తురు.

నెత్తురు ప్రాణం అక్కా. నోవహు ఓడ దిగిన రోజునే దేవుడు కచ్చితంగా చెప్పాడు, మాంసం తినండిగానీ నెత్తురుతో తినొద్దని. అపొస్తలులూ అదే రాశారు. డాక్టరుగారూ పచ్చిది వద్దన్నారు. ధర్మశాస్త్రమూ, కృపా, రాజమండ్రి ఆసుపత్రీ ఒక్క మాట మీద నిలబడ్డాక నేనెవర్ని? మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఎంత ఉడికించినా ఆ ఎరుపు నల్లబడిందిగానీ పోలేదు. పారేద్దామని దాక ఎత్తితే దీవెన లోపల్నుంచి, "పారెయ్యకండి, అచ్చాయమ్మగారికివ్వండి" అంది. మా పక్కింటి అచ్చాయమ్మకి దాకతోనే ఇచ్చాను. రెండు కాళ్ళూ మా గుమ్మంలోనే నిలబడి తిని, వేళ్ళు నాకి, "ఆయ్, బ్రహ్మాండంగా ఉడికిందండి బోధకుడుగారూ! ఉప్పెయ్యడం మర్చిపోయారండి, అంతే" అంది.

దీవెనకి ఆ పూట మజ్జిగన్నమే. బరువు చూసుకుంటే మొన్నటికన్నా తగ్గింది. పద్నాలుగో తారీకున రాజమండ్రి వెళ్ళాలి. ఆ రోజు కాటా ఏం చెప్తుందో దాన్ని బట్టి ఇంజక్షన్. కాటా మీద తూగక రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ ఎన్నిసార్లు చెప్పానో నేను. ఇప్పుడు డిపోలో కాయలు తూచే కాటా వైపు కూడా చూడట్లేదు.

విసిగిపోయిన,
యెహెజ్కేలు


మండపేట,
28 జూలై.

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

బంగారంలాంటి కూర పక్కింటావిడకి పెట్టావు కదరా!

అది నెత్తురు కాదు, ఎముకలో మజ్జ. ఫారం కోడి పసిది. ఎముక గట్టిపడకుండానే కోసేస్తారు. ఉడికేటప్పుడు లోపలి మజ్జ రంగు బయటికి దిగుతుంది. ఎంత ఉడికినా ఆ ఎరుపు పోదు. లేత నాటుకోడికీ ఇంతే, పెళ్ళిళ్ళలో ఎంతమంది పెద్దమనుషులు కాలు చేత్తో పట్టుకుని "సూరమ్మా, ఇది పచ్చి" అని నా మీదికొచ్చారో! చూడాల్సింది ఎముక దగ్గర కాదు. కండ లావుగా ఉన్నచోట పుల్ల గుచ్చు. తేట నీరొస్తే ఉడికింది. గులాబీ రంగు నీరొస్తే ఇంకాసేపు ఉంచు. దేవుడు నెత్తురు వద్దన్నాడుగానీ మజ్జ వద్దనలేదు. అంతకన్నా నాకు వాక్యం తెలియదు.

ఇప్పుడు ఇంకో సంగతి అడుగుతాను. దాచకుండా చెప్పు.

మొదటిసారి ఉప్పెక్కువ. రెండోసారి చప్పన. మూడోసారి అసలు వెయ్యనే లేదు. ప్రతి ఉత్తరంలోనూ ఉప్పు చూడమని రాశాను. నువ్వు నోట్లో వేసుకుని చూస్తున్నావా, లేదా? ఏ వంటవాడికైనా చెయ్యి తప్పుతుంది, నాలుక పట్టుకుంటుంది. నీకు నాలుక లేదా? కూటాల్లో అంత పెద్దగా అరుస్తావు కదా.

జయపాల్ నా మంచం పక్కన కూర్చుని పలక మీద రాసి చూపించాడు: "మావయ్య బెల్టుకి కొత్త కన్నం పెట్టుకున్నాడు పెద్దమ్మా. చొక్కా హేంగరుకి తగిలించినట్టుంది." పైగా ఒక కోడికి కాళ్ళు రెండు. దీవెనకి ఒకటి పెడితే రెండోది ఎవరు తింటున్నారు?

నాకు రెండే తోస్తున్నాయి. దీవెనకి బాగా ముదిరింది, నువ్వు నాకు దాస్తున్నావు. లేదా నీకూ ఏదో జబ్బు చేసింది. ఏదైనా సరే, మంచం మీదున్న ముసలిదానికి నిజం రాయి. ఎదురు చూస్తూ ఉంటాను.

అక్క


పాలకొల్లు,
4 ఆగస్టు.

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. చదివాక తిట్టకు. తిట్టు మోసే ఓపిక కూడా లేదు.

దీవెనకి ముదరలేదు. నాకు జబ్బు లేదు. నేను మొక్కుకున్నాను. ఆపరేషన్ తర్వాత మొదటి ఆదివారం, ఆరాధనలో, మైకు పట్టుకుని, అందరి ముందూ: దీవెన తన కాళ్ళ మీద నడిచి వచ్చి ఈ బెంచీ మీద కూర్చునేదాకా మాంసం నా నాలుకకి తగలదు, రోజుకి ఒక్కపూటే గంజి తాగుతాను అని. మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలని ఇరవై ఊళ్ళలో గొంతు చించుకుని చెప్పినవాణ్ణి. ఉప్పు ఎలా చూడను?

ఎందుకు మొక్కావంటావు. నా పేరుగల ప్రవక్త గ్రంథంలో ఒక అధ్యాయముంది అక్కా. దేవుడు అతనితో కుండ పొయ్యి మీద పెట్టు, నీళ్ళు పొయ్యి, తొడా జబ్బా మంచి మంచి ముక్కలన్నీ వెయ్యి అంటాడు. అదే అధ్యాయంలో, నీ కళ్ళకి ఇంపైన మనిషిని తీసుకుంటున్నాను, ఏడవొద్దు అంటాడు. ప్రవక్త పొద్దున జనంతో మాట్లాడాడు. సాయంత్రానికి భార్య చనిపోయింది. కుండా, తొడా, భార్యా అన్నీ ఒకే అధ్యాయంలో. ఆ అధ్యాయం మీద నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ప్రసంగించలేదు. ఆపరేషన్ నాడు అదే గుర్తొచ్చి మొక్కాను. దీవెన గోడవైపు తిరిగి లెగ్ పీసు అన్న రోజు మళ్ళీ అదే అధ్యాయం కళ్ళముందుకొచ్చింది. ఆ పేరు పెట్టుకుని ఆ కుండ నేను పొయ్యి మీద పెట్టాలా? పెడతాను, కానీ అందులోది ముట్టను, నువ్వూ ఈమెని ముట్టకు అని ఆ మొక్కునే దేవుడితో మళ్ళీ అన్నాను.

ఇక కూర సంగతి. నిన్న శనివారం మళ్ళీ వండాను. పుల్ల గుచ్చాను, తేట నీరే వచ్చింది. ఉప్పు చూడ్డానికి అచ్చాయమ్మని పిలిచాను. సగం గ్రేవీ చూసి సరిపోయిందంది. ఎర్రటి మజ్జ చూసి భయపడలేదు. రెండు కాళ్ళూ పళ్ళెంలో పెట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. ఒకటి దీవెనకి పెట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. దీవెన రెండు ముక్కలు కొరికి, నా వైపు చూసి, రెండో కాలు వైపు చూసి, "చాలండీ, మింగుడు పడట్లేదు" అంది.

ఈసారి వంటలో తప్పు లేదు అక్కా. ఏ తప్పూ లేదు. అయినా తినలేదు. మనిషి చేయగలిగినదంతా అయిపోయింది. ఇంక నువ్వు వంట గురించి రాయొద్దు, నేను చదవను. పద్నాలుగున కాటా ఎలా చెప్తే అలాగ.

యెహెజ్కేలు


మండపేట,
7 ఆగస్టు.

యెహెజ్కేలూ,

తిట్టను. వంట గురించే రాస్తాను, నువ్వే చదువుతావు.

నేను గుండిగలతో వండిన రోజుల్లో ఒక పద్ధతుండేది. విస్తళ్ళు వేశాక, అందరూ చూస్తుండగా, మొదటి ముద్ద నేను తినేదాన్ని. పెద్దవంటామె తిన్నాకే జనం చెయ్యి పెట్టేవాళ్ళు. అది ఉప్పు చూడ్డం కోసం కాదురా. నేను తిన్నది మీకు పెడుతున్నాను, భయపడకండి అని చెప్పడం. నువ్వు తినకుండా ఎదురుగా కూర్చుని చూస్తుంటే దానికెలా దిగుతుంది? పెట్టేవాడు ముట్టని కూర నేనైనా తినను.

ఇంకొకటి. మొదట్లో నిన్నొక మాటన్నాను, కాళ్ళన్నీ నీకే తోసి ఆశ చంపుకుందని. అది తప్పు. కట్టు కింద దురదకి నిద్ర పట్టక పాతవన్నీ తలుచుకుంటుంటే గుర్తొచ్చింది. మీ పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొచ్చినప్పుడు కోడి కోశాం. నేను దీవెనకి కాలు వేశాను. "అమ్మో, వద్దు వదినగారూ, పీచు నాకు పడదండి. మెడ ఉందాండి?" అని దాకలో గరిటె పెట్టి వెతుక్కుంది. మెడ కోసం నా కొడుకు శాంతికుమార్‌తో పోట్లాడింది కూడా. చిన్నపిల్లాడితో!

మరి పడనిది ఎందుకడిగిందంటావు? నన్నడగకు. నీ ప్రవక్తనీ అడగకు. లేచి వెళ్ళి దాన్ని అడుగు.

అక్క


పాలకొల్లు,
12 ఆగస్టు.

అక్కా,

అడిగాను.

నీ ఉత్తరం డిపోలోనే చదివి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, మంచం పక్కన నిలబడి అడిగాను. "దీవెనా, నీకు లెగ్ పీసు ఇష్టమేనా?"

"అబ్బే. పీచు."

"మరెందుకడిగావు?"

కోడిపెట్టకి అన్నం మెతుకులు వేస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "మీకు ఇష్టం కదండీ. మెడ అడిగితే నాకొక్కదానికే వండి పెట్టి మీరు మొక్కుబడంటూ కూర్చుంటారు. కోడికి కాళ్ళు రెండుంటాయి. ఒకటి నాకు పెడితే రెండోదాన్ని చూసైనా మీ నోరూరుతుందనుకున్నాను. ఊరలేదు. ఎంత మొండిమనిషండీ మీరు."

"మొక్కు సంగతి నీకెలా తెలుసు?" అన్నాను.

"మైకులో చెప్పారు కదండీ. ఇంటిదాకా వినపడదా? ఊరందరికీ చెప్పి నాకు చెప్పలేదు. నా కోసం దేవుడితో ఒప్పందం చేసుకునేముందు నన్నొక మాట అడగాలి కదండీ." ఇంకో మెతుకు వేసి, "మీరు గునపం మీద పడిపోతే నన్ను రాజమండ్రి ఎవరు తీసుకెళ్తారు? బస్సెక్కించడానికైనా మీరుండాలి కదా" అంది. ఏడవలేదు. కోప్పడలేదు. అలసిపోయిన గొంతుతో, బజారు నుంచి తేవాల్సినవి చెప్పినట్టు చెప్పింది.

అక్కా, యెఫ్తా అనే వీరుడు నోరు జారి మొక్కుకుని కూతుర్ని పోగొట్టుకున్న కథ నేను చెప్తుంటే ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. మొక్కు గొప్పది కాబట్టి ఏడుస్తున్నారనుకునేవాణ్ణి. యెఫ్తాకి కూతురైనా ఉంది. నాకున్నది దీవెన ఒక్కతే.

సాయంత్రం కాళ్ళు తెచ్చాను. గాట్లు పెట్టాను. ప్రార్థన మాత్రం చెయ్యలేకపోయాను. ఎముక మొన తేలాక మూత తీసి, గరిటెతో గ్రేవీ తీసి, ఎడమ అరచేతిలో పోసుకుని, చాలాసేపు నిలబడ్డాను. దీవెన మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. నాకేసి చెయ్యి కూడా ఊపలేదు.

ఉప్పు తక్కువైంది అక్కా. ఇంకో చిటికెడు వేశాను.

రెండు పళ్ళేలు. నువ్వు చెప్పినట్టు మొదటి ముద్ద నేను తిన్నాను. ఎన్నాళ్ళకో మాంసం నమిలితే దవడలు నొప్పెట్టాయి. దీవెన నన్ను చూసి, తన కాలు తీసుకుంది. మెల్లిగా, ఆగి ఆగి, మధ్యలో నీళ్ళు తాగుతూ, పీచనుకుంటూనే మొత్తం తింది. పళ్ళేల్లో ఎముకలు రెండూ శుభ్రంగా ఉన్నాయి, పక్కన మజ్జ ఎర్రగా ఉంది.

ఎడారిలో ఏలీయా అలసిపోయి చచ్చిపోతానని పడుకుంటే దూత వచ్చి ప్రార్థన చెయ్యమనలేదు. లేచి తిను, ప్రయాణం నీ శక్తికి మించింది అన్నాడు. ఆ మాట మీద ఎన్నోసార్లు గంటలకొద్దీ మాట్లాడాను. ఇప్పుడు మాట్లాడమంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

నిన్న ఆరాధనలో లేచి నిలబడి మొక్కు తప్పానని చెప్పాను. సంఘపెద్ద ప్రసన్నకుమార్‌గారు కళ్ళజోడు సర్దుకుని, "అదేంటండి బోధకుడుగారూ, మాకు మీరే కదండీ నేర్పారు?" అన్నారు. నేర్పింది నిజమేనండి అన్నాను. ఇంకేదో అంటాననుకుని అందరూ కాసేపు చూశారు. నేను కూర్చున్నాను.

ఆ అధ్యాయమంటే భయం పోయిందని అబద్ధం చెప్పను. దేవుడికి కోపం వచ్చిందో లేదో కూడా తెలియదు. ఎల్లుండి పొద్దున రాజమండ్రి బస్సు. కాటా ఎంత చూపిస్తే అంత. నిన్న రాత్రి మాత్రం దీవెన ఆకలి అంది. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. కోడిపెట్ట గుడ్డు ఉడకబెట్టి పెట్టాను, ఉప్పు చూసి.

జయపాల్ బయట హారన్ కొడుతున్నాడు, ఈ ఉత్తరం వాడికిచ్చేస్తున్నాను. కాలు నేలకి ఆనించకు, తొందరపడకు. ఒక్కటే అడుగుతున్నాను, వాడు తిరిగొచ్చేటప్పుడు రాసి పంపు: మెడ ముక్క ఎంతసేపు ఉడకాలి?

నీ తమ్ముడు,
యెహెజ్కేలు